సందేహం: డేటా ఐపీలు పక్క పోర్టుకు జరపమన్నారు, ఎలా?

ప్రశ్న: అన్నా, ఈమధ్యే నార్త్ కరోలినా వచ్చాను. హైదరాబాద్‌లో స్టోరేజ్ పని అంతా మౌస్‌తోనే అయిపోయేది. ఇక్కడేమో నెట్‌యాప్ కంపెనీ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ ఆన్‌టాప్, అంతా కమాండ్ లైన్. శనివారం రాత్రి స్విచ్ మారుస్తారట, ఐపీలు నేనే జరపాలి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, కమాండ్ల కోసం టెన్షన్ ఎందుకు? ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది, ప్రశ్నార్థకం కొడితే ఏమేం ఇవ్వచ్చో చూపిస్తుంది. నువ్వు పట్టుకోవాల్సింది వేరే ఉంది.

ఆన్‌టాప్‌లో ఐపీ నెట్‌వర్క్ కార్డుకు అతుక్కుని ఉండదు, లిఫ్‌కు (LIF, అంటే పోర్టు మీద కూర్చునే లాజికల్ ఇంటర్‌ఫేస్) ఉంటుంది. ప్రతి లిఫ్‌కూ సొంత చోటుగా ఒక హోమ్ నోడ్ (నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక కంట్రోలర్), హోమ్ పోర్టు. నోడ్ పడిపోతే డేటా లిఫ్ పక్క నోడ్‌కు వెళ్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) వాడేవాళ్లకు కాసేపు ఆగినట్టు ఉంటుందంతే. చిక్కంతా తర్వాతే. డేటా లిఫ్‌లకు ఆటో-రివర్ట్ (తనంతట తానే హోమ్‌కు తిరిగి రావడం) మామూలుగా ఫాల్స్ అని ఉంటుంది. ఎప్పుడో అప్‌గ్రేడ్ నాడు కదిలిన లిఫ్ ఇంకా అక్కడే కూర్చుని ఉండొచ్చు. పని నడుస్తోంది కాబట్టి ఎవరూ అడగరు. అందుకే శుక్రవారమే 'నెట్ ఇంట్ షో'కు 'ఈజ్-హోమ్ ఫాల్స్' తగిలించి చూడు. ఏమైనా వస్తే టీమ్‌ను అడిగి రివర్ట్ చెయ్యి. ఆ అవుట్‌పుట్ టికెట్‌లో పెట్టు. ఇక్కడి మేనేజర్లు నీ వేగం కన్నా ఆ కాగితమే ఎక్కువ చూస్తారు.

ఇక జరపడం. మైగ్రేట్ (లిఫ్‌ను వేరే పోర్టుకు పంపే కమాండ్) తాత్కాలికం, హోమ్ మారదు. కొత్త పోర్టే శాశ్వతమైతే మాడిఫైతో హోమ్ పోర్టు మార్చాలి. రెండిటికీ ముందు 'నెట్ పోర్ట్ షో'లో కొత్త పోర్టు అదే బ్రాడ్‌కాస్ట్ డొమైన్‌లో (ఒకే నెట్‌వర్క్‌కు చెందిన పోర్టుల గుంపు) ఉందా, ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు గరిష్ఠ సైజు) అంతేనా చూడు. లింక్ అప్ అని ఉంటే చాలనుకోకు. స్విచ్ వైపు ఆ వీలాన్‌ను (VLAN, స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) అనుమతించడం మర్చిపోతే మైగ్రేట్ బుద్ధిగా పూర్తవుతుంది, క్లయింట్లు (స్టోరేజ్ వాడే మెషీన్లు) మాత్రం స్పందన లేక ఆగిపోతాయి. కాబట్టి అంత ముఖ్యం కాని లిఫ్ ఒకటి ముందు పంపి, దాని నుంచే గేట్‌వేకు పింగ్ కొట్టు. ఎంటీయూ 9000 అయితే అదే నెట్‌వర్క్‌లోని ఒక క్లయింట్‌కు 8972 సైజుతో, ముక్కలు చెయ్యకుండా ఇంకోసారి కొట్టు. చిన్న పింగ్ వెళ్లి పెద్దది ఆగిందంటే స్విచ్ వాళ్లను లేపాల్సిందే, మొహమాటం వద్దు.

ఐస్కజీ (iSCSI), ఫైబర్ చానెల్ లిఫ్‌ల జోలికి, అంటే సర్వర్లకు డిస్కుల్లా స్టోరేజ్ ఇచ్చేవాటి జోలికి, ఇలా వెళ్లకు. అవి సాధారణంగా ఇలా మైగ్రేట్ కావు. దారి మార్చేది హోస్ట్‌లోని (ఆ స్టోరేజ్ వాడే సర్వర్‌లోని) మల్టీపాత్, అంటే ఒకే డిస్కుకు ఉన్న పలు దారులను చూసుకునే సాఫ్ట్‌వేర్. హోమ్ పోర్టు మార్చాలంటే ఆ లిఫ్‌ను డౌన్ చెయ్యాలి. అంతకంటే ముందు సర్వర్ టీమ్ మిగతా దారులన్నీ బాగున్నాయని చెప్పాలి.

ఇంకో మాట. హైదరాబాద్ టీమ్ కాల్‌లో ఉంటే టైమ్ రెండు ఊళ్లదీ రాయి. మీ రాత్రి 10 గంటలు వేసవిలో వాళ్లకు ఉదయం 7:30, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారాక 8:30.