వంద మీటర్ల గాలిమర రెక్క మీద గాలి ఒత్తిడిని ఎలా తగ్గిస్తారు?

అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా ఉన్న మన కోనసీమ తీరంలో వంద మీటర్లు దాటిన రెక్కలతో గాలిమరలు నిలబెడితే అవి గాలి ఒత్తిడికి తట్టుకుంటాయా, ఆ ఒత్తిడిని తగ్గించే మార్గాలేమిటి అని అడిగారు. నాది రాజోలు ప్రాంతమే. అనంతపురం జిల్లాలో గాలిమరల నిర్వహణలో పనిచేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

నడుస్తున్న గాలిమరను వెనక్కి నెట్టే బలం గరిష్ఠ స్థాయికి చేరేది తుఫానులో కాదు. సెకనుకు 11, 12 మీటర్ల గాలిలో, అంటే యంత్రం తన పూర్తి సామర్థ్యాన్ని అందుకునే వేళకు. గాలి అంతకు మించితే మూడు రెక్కలూ మొదళ్ల దగ్గర కొద్దికొద్దిగా తిరిగి అదనపు గాలిని వదిలేస్తాయి. దీనినే పిచ్ నియంత్రణ అంటారు. ఆ స్థాయికి కాస్త ముందే రెక్కలను తిప్పడం మొదలుపెడితే, కొద్దిపాటి కరెంటు నష్టపోయినా, రెక్క మొదలు మీద, టవరు మీద పడే భారం చెప్పుకోదగినంత తగ్గుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పద్ధతి నా దృష్టిలో ఇదే.

రెండవ సమస్య, పదేపదే వంగడం వల్ల లోహానికైనా ఫైబరుకైనా తప్పని అలసట. నేల దగ్గర గాలి నెమ్మదిగా, ఎత్తున వేగంగా వీస్తుంది కాబట్టి, 220 మీటర్ల వ్యాసం ఉన్న చక్రంలో రెక్క పైకి వెళ్లినప్పుడు ఎక్కువ, కిందికి వచ్చినప్పుడు తక్కువ వంగుతుంది. నిమిషానికి 8 చుట్ల చొప్పున ఆగకుండా తిరిగితే 20 ఏళ్లలో ఈ వంపులు 8 కోట్లు దాటుతాయి. అందుకని ఒక్కో రెక్కను విడివిడిగా, పైకి వెళ్లేటప్పుడు మరికొంచెం తిప్పుతారు. కానీ దీనివల్ల రెక్క మొదట దాన్ని తిరగనిచ్చే పిచ్ బేరింగులు త్వరగా అరుగుతాయి. బేరింగు మార్చాలంటే రెక్కను దించాలి, అందుకు పెద్ద క్రేను రావాలి. గాలి బలంగా ఉన్నప్పుడే ఈ పద్ధతిని వాడడం మేలు.

మోటారు అక్కర్లేని మార్గమూ ఉంది. రెక్కలోని గాజు, కార్బన్ పోగులను కొంత ఏటవాలుగా పరిస్తే, గాలికి వంగిన రెక్క తనంతట తానే మెలి తిరిగి ఒత్తిడిని తప్పించుకుంటుంది. గాలివానలో కొబ్బరి మట్ట చేసేదీ ఇదే. రెక్క వెనుక అంచున కదిలే చిన్న పలకలను, అంటే ఫ్లాపులను, డెన్మార్క్‌లోను, అమెరికాలోని శాండియా ప్రయోగశాలలోను పరీక్షించారు. పిడుగులు, ఉప్పుగాలి మధ్య అంత ఎత్తున కదిలే భాగాలను నమ్ముకోవడం మన తీరానికి తగదని నా అభిప్రాయం.

వీటన్నిటికన్నా ముందు మూడు రెక్కలూ ఒకే కోణంలో ఉన్నాయో లేదో చూడాలి. మా దగ్గర ఒక యంత్రంలో నాసెల్, అంటే టవరు మీద యంత్రాలుండే గది, చుట్టుకొకసారి ఊగుతుండేది. బోల్టులు, గేర్‌బాక్సు అన్నీ చూశాక, మూడు రెక్కలూ కలిసే హబ్‌లోకి దూరి, రెక్క మొదట ఉన్న సున్నా గీతను హబ్ మీది గుర్తుతో పోల్చితే, ఒక రెక్కకు అవి కలవలేదు. తేడా సుమారు ఒక డిగ్రీ. సరిచేసి నడపగానే ఊపు తగ్గిపోయింది.

ఇక తుఫాను. 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన కోనసీమ వారికి ఈ భయం సహజం. గాలిమరల రూపకల్పనకు అంతర్జాతీయంగా వాడే ఐఈసీ 61400-1 ప్రమాణం 2019 కూర్పు తుఫాను ప్రాంతాల కోసం ‘టీ’ తరగతిని చేర్చి, పది నిమిషాల సగటున సెకనుకు 57 మీటర్ల, అంటే గంటకు సుమారు 205 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుంది. అంతటి గాలిలో యంత్రాన్ని ఆపి, రెక్కల అంచులను గాలికి ఎదురుగా నిలుపుతారు. అయితే తుఫాను కన్ను దాటాక గాలి దిక్కు మారుతుంది. అప్పటికి కరెంటు తీగలు తెగి, నాసెల్‌ను తిప్పే మోటార్లు ఆగిపోయి ఉంటే, పక్కనుంచి వచ్చే గాలి రెక్క వెడల్పును తాకుతుంది. కాబట్టి మన తీరానికి యంత్రాన్ని ఎంచుకునేవారు, గ్రిడ్ లేకుండా ఆ మోటార్లను ఎన్ని గంటలు నడపగల విద్యుత్తు అక్కడ నిల్వ ఉంటుందో తప్పక అడగాలి.