300 గంటలూ నిలవాలంటే: టూ స్ట్రోక్ ఇంజన్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా అల్ట్రాలైట్‌లో (చిన్న తేలికపాటి విమానం) రోటాక్స్ 503 ఇంజన్ ఉంది. ఓవర్‌హాల్ 300 గంటలకు అన్నారు, 110 గంటలకే ఇంజన్ సీజ్ అయింది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయింది. పెట్రోలులో కలిపే ఆయిల్ కొలత తప్పలేదు. మరి కారణం ఏమిటి?

జవాబు: ఆయిల్ తక్కువై సీజ్ అయ్యే ఇంజన్ల కంటే మిక్స్చర్ లీన్ అయి, అంటే గాలి పాలు పెరిగి, సీజ్ అయ్యేవే ఎక్కువ. పిస్టన్ పారేయకండి, సాక్ష్యం దాని మీదే ఉంటుంది. గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉంటే వేడెక్కిందని అర్థం. చుట్టూ నాలుగు చోట్ల సమాన దూరంలో ఉంటే, సిలిండర్ ఇంకా చల్లగా ఉండగానే పిస్టన్ వ్యాకోచించింది.

ఎగ్జాస్ట్ వైపే అయితే ముందు చూడాల్సింది కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే రబ్బరు సాకెట్. బిగించి ఉన్నప్పుడు అది కొత్తదానిలాగే కనిపిస్తుంది. విప్పి, చేత్తో వంచి చూస్తే మడత దగ్గర పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. ఒక్క పగులు చాలు, కొలతలో లేని గాలి లోపలికి పోతుంది. తర్వాత పల్స్ గొట్టం. ఫ్యూయల్ పంపు నడిచేది క్రాంక్‌కేస్ ఒత్తిడి తరంగాలతో కాబట్టి, ఆ గొట్టం పొట్టిగా, గట్టి గోడలతో ఉండాలి. మెత్తబడితే తరంగం గొట్టంలోనే చచ్చిపోతుంది, పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలు చాలదు. ఈ రెండూ బాగుంటే క్రాంక్ సీళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించండి.

చాలామంది మరిచిపోయేది ప్రొపెల్లర్. పిచ్, అంటే రెక్కల వాలు, తక్కువైతే ఇంజన్ మీద బరువు పడదు. కావలసిన ఆర్‌పీఎం తక్కువ థ్రాటిల్‌లోనే వచ్చేస్తుంది, అక్కడ జెట్ నీడిల్ (కార్బురేటర్‌లో పెట్రోలు పాలును నియంత్రించే సూది) వదిలే పెట్రోలు ఆ వేగానికి సరిపోదు. క్రూయిజ్‌లో ఎగ్జాస్ట్ వేడి ఎక్కుతుంది. 503కి ఎగ్జాస్ట్ గ్యాస్ గరిష్ఠ పరిమితి 650 డిగ్రీల సెంటీగ్రేడు, సిలిండర్ హెడ్‌కు 250. సమతలంగా ఎగురుతూ పూర్తి థ్రాటిల్ ఇస్తే 6500 ఆర్‌పీఎం దగ్గర నిలవాలి. 6800 దాటి పరుగెత్తుతుంటే పిచ్ పెంచండి. పిచ్ తప్పును జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) మార్చి దిద్దాలని చూడకండి, ఒక చోట సర్దితే మరో చోట చెడుతుంది. పిచ్ సరిగా ఉండి కూడా మధ్య థ్రాటిల్‌లో వేడి ఎక్కుతుంటేనే, నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి మార్చండి. నీడిల్ పైకి లేచి మిక్స్చర్ రిచ్ అవుతుంది.

ఇంకొకటి: సగం థ్రాటిల్‌తో పొడుగ్గా దిగకండి. గాలే ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది, ఇంజన్ మీద బరువు పోతుంది, ఎగ్జాస్ట్ వేడి అప్పుడే అమాంతం పెరుగుతుంది.

ప్రశ్న: భద్రత కోసం పెట్రోలు, ఆయిల్ 50:1 బదులు 30:1 పాళ్లలో కలుపుతున్నాను. మంచిదేనా?

జవాబు: కాదు. ఆయిల్ పెరిగినంత మేరా జెట్ గుండా పోయే పెట్రోలు తగ్గుతుంది, అంటే మీరే మిక్స్చర్‌ను లీన్ చేస్తున్నారు. పైగా మసి. 50:1 అంటే 20 లీటర్లకు 400 మి.లీ. సగం పెట్రోలు పోసి, ఆయిల్ వేసి బాగా కుదిపి, మిగతా సగం పోయండి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ టీసీ అనే నాణ్యత గుర్తు ఉండాలి. టీసీ-డబ్ల్యూ3 పడవ ఇంజన్ల ఆయిల్, చల్లగా నడిచే వాటి కోసం చేసింది, ఇక్కడ వద్దు.

ప్రశ్న: మసి ఎప్పుడు తీయాలి? ఇంజన్ మొత్తం విప్పాలా?

జవాబు: 50 గంటలకోసారి చూడండి. ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విప్పితే చాలు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతూ పోర్టులో (ఎగ్జాస్ట్ రంధ్రంలో) పిస్టన్ రింగు కనిపించే చోట ఆపండి (ఇగ్నిషన్ ఆపి, ప్లగ్గులు తీసేశాకే ప్రొపెల్లర్ ముట్టుకోవాలి). మొద్దు చెక్కపుల్లతో రింగును నొక్కితే స్ప్రింగులా లోపలికి పోయి తిరిగి రావాలి. కదలకపోతే గాడిలో మసితో అతుక్కుంది, హెడ్, సిలిండర్ తీయక తప్పదు. పిస్టన్ తలను చెక్క లేదా ప్లాస్టిక్ పలకతో గీకండి. గాడిని శుభ్రం చేయడానికి విరిగిన పాత రింగు ముక్కను మించిన పనిముట్టు లేదు. వైరు బ్రష్ గాడి అంచులు తినేస్తుంది. పిస్టన్ పిన్‌ను పట్టి ఉంచే సర్‌క్లిప్పులు ఒకసారి తీస్తే మళ్లీ వాడకూడదు. గాస్కెట్లూ అంతే.

ప్లగ్గులు 25 గంటలకు మార్చేయండి, గ్యాప్ 0.5 మి.మీ. ఇంజన్ చల్లారాకే బిగించాలి. ప్లగ్ తల మీది చిన్న నట్టును ప్లయర్‌తో ఒకసారి గట్టి చేయండి, అదురుకు అది వదులై మిస్‌ఫైర్ వస్తుంది.

ప్రశ్న: రోటాక్స్ 582 లిక్విడ్ కూల్డ్ (నీటితో చల్లబడే) ఇంజన్ కదా, చలిలో కూడా వెంటనే టేకాఫ్ చేయొచ్చా?

జవాబు: చేస్తే పైన చెప్పిన నాలుగు గీతల పిస్టన్ మీ చేతికి వస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకోకముందు రేడియేటర్‌లోని నీరు చల్లగానే ఉంటుంది. పూర్తి పవర్‌లో అది తెరుచుకోగానే ఆ చల్లటి నీరు సిలిండర్‌ను తాకి బిగదీస్తుంది, లోపల పిస్టన్ మాత్రం వేడిగా ఉంటుంది. 2000 ఆర్‌పీఎంలో రెండు నిమిషాలు, తర్వాత 2500లో కూలెంట్ 65 డిగ్రీలు చేరేదాకా ఆగండి. అలాగే రోటరీ వాల్వ్ షాఫ్ట్ ఆయిల్ సీసాను చూస్తుండండి. ఆయిల్ పాలలా తెల్లబడితే లోపలి సీలు దాటి నీరు వస్తోంది.

ప్రశ్న: మూడు నెలలు ఎగరను. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలా?

జవాబు: అసలు చేయకపోవడమే నయం. పూర్తిగా వేడెక్కకుండా ఆపితే లోపల తేమ చేరుతుంది. క్రాంక్ బేరింగులకు ప్రత్యేకమైన ఆయిల్ సంపు లేదు, మిక్స్చర్ వదిలిన పొరే దిక్కు. తుప్పు చుక్క పడిన చోటి నుంచే బేరింగు పొరలుగా ఊడుతుంది. పైనుంచి అది కనబడదు. అందుకే గంటలు నిండకపోయినా అయిదేళ్లకు ఓవర్‌హాల్ అంటారు. చివరిసారి బాగా వేడెక్కించి, ఐడిల్‌లో కార్బురేటర్ నోట్లోకి ప్రిజర్వేటివ్ ఆయిల్ కొట్టి ఆపండి. ఫ్లోట్ గిన్నెలు ఖాళీ చేయండి. కలిపిన పెట్రోలు అట్టిపెట్టకండి, ఇథనాల్ ఉంటే నీరు పీల్చుకుంటుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ నోళ్లు మూసి, ఎర్ర రిబ్బన్ కట్టండి. మూత తీయకుండా స్టార్ట్ చేసినవాళ్లు ఉన్నారు.