బిల్లు కట్టేదాకా తమ్ముణ్ణి పంపం అంటున్నారు, స్థలం అమ్మి కట్టాలా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్తే. మాది ఖమ్మం. నాన్న లేరు, అమ్మ మిషన్ కుడుతుంది, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. తమ్ముడికి 23 ఏళ్ళు, హైదరాబాద్‌లో జాబ్ చేసేటప్పుడు గంజాయి అలవాటైంది, తర్వాత ఏదో క్రిస్టల్ అంట, అది కూడా మొదలుపెట్టాడు. ఎవరో చెప్తే సిటీ బయట ఉన్న ఒక రిహాబ్ సెంటర్‌కి ఫోన్ చేశాం. వాళ్ళే రాత్రిపూట నలుగురు వచ్చి బండిలో ఎక్కించుకుపోయారు. నెలకి 45 వేలు, మూడు నెలలు చాలు అన్నారు. రెండు నెలలు దాటింది, అమ్మ గాజులు తాకట్టు పెట్టి లక్షా పది వేలు కట్టాం. ఇప్పుడేమో ఇంకా 85 వేలు బాకీ, ఆరు నెలలు ఉంచాలి, డబ్బు కట్టకుండా మనిషిని పంపం అంటున్నారు. ఫోన్లో కూడా మాట్లాడనివ్వట్లేదు. అమ్మ చేత రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళు మత్తు అలవాటుకి క్లెయిమ్ రాదన్నారు. గవర్నమెంట్ హాస్పిటల్‌కి తీసుకెళ్తే పోలీసు కేసు పెడతారని భయం. నాన్న కొన్న వంద గజాల స్థలం అమ్మేసి కట్టేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు స్థలం సంగతి తేల్చేద్దాం. అమ్మకండి. బేరం మాట్లాడుంటే కూడా ఆపేయండి, అడ్వాన్స్ మాత్రం తీసుకోకండి. మీ తమ్ముడికి ట్రీట్‌మెంట్ అవసరమే, కాదనను, కానీ దానికి చట్టప్రకారం రూపాయి ఖర్చు లేని దారి ఉంది. ఇక బాకీ ఉందని మనిషిని లోపల పెట్టుకునే హక్కు ఈ దేశంలో ఏ ఆసుపత్రికీ లేదు, రిహాబ్ సెంటర్‌కీ లేదు. వాళ్ళకి నిజంగా డబ్బు రావాల్సి ఉంటే సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి, అంతే.

మీరు పంపిన బిల్లు ఫోటో చూశాను. అడ్మిషన్ 25 వేలు, పికప్ చార్జీ 15 వేలు, రెండు నెలల ప్యాకేజీ 90 వేలు, మందులు 30 వేలు, కౌన్సెలింగ్ 20 వేలు, ఇతరములు 15 వేలు, మొత్తం లక్షా తొంభై అయిదు వేలు. కింద మేనేజర్ అని ఒక గీత సంతకం. పైన రిజిస్ట్రేషన్ నంబర్ లేదు, డాక్టర్ పేరు లేదు, ఏ మందు ఎన్ని రోజులు ఇచ్చారో లేదు. నెలకి 45 వేలు ప్యాకేజీ అన్నవాళ్ళు మళ్ళీ కౌన్సెలింగ్ వేరే అంటే ఆ ప్యాకేజీలో ఏముంది మరి, అన్నం పప్పేనా? ఆ పికప్ చార్జీ అన్న లైను చూస్తే నాకు బాగా కోపం వచ్చింది, ఎందుకంటే నిద్రపోతున్న కుర్రాణ్ణి నలుగురు పట్టుకుని బండిలో వేసుకుపోవడానికి మీ దగ్గరే 15 వేలు తీసుకున్నారన్నమాట. అయినా ఆ కాగితం పారేయకండి, వాట్సాప్‌లో వాళ్ళు పెట్టిన ప్రతి మెసేజీ, మీరు డబ్బు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు అన్నీ ఒకచోట దాచండి, రేపు కేసంతా వాటి మీదే నడుస్తుంది.

ఇప్పుడు చట్టం. 2017లో మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. అందులో మానసిక అనారోగ్యం అంటే ఏంటో చెప్పే నిర్వచనంలోనే మద్యం, డ్రగ్స్ వాడకం వల్ల వచ్చే మానసిక పరిస్థితుల్ని కూడా కలిపారు. కాబట్టి ఇలాంటి పేషెంట్లని ఉంచుకుని వైద్యం చేస్తున్నాం అనేవాళ్ళు ఈ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాల్సిందే. చేసుకోకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల దాకా, మళ్ళీ మళ్ళీ చేస్తే 5 లక్షల దాకా జరిమానా. ఇద్దరు పేషెంట్ల నెల ఫీజు కూడా కాదు ఆ మొదటి జరిమానా, నన్నడిగితే చాలా తక్కువ.

మీ తమ్ముడు మేజర్. అతను తనంతట తాను చేరితే ఎప్పుడు వెళ్తానంటే అప్పుడు పంపాలి, డాక్టర్‌కి అనుమానం ఉంటే పరీక్ష కోసం 24 గంటలు ఆపొచ్చు, అంతకంటే కాదు. ఇష్టం లేకుండా చేర్చాలంటే 89వ సెక్షన్, దాని లెక్క చాలా గట్టిది. అతని తరఫున నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా ఉండేవాళ్ళు రాతపూర్వకంగా అడగాలి, ఒక సైకియాట్రిస్టు, ఇంకొక నిపుణుడు లేదా డాక్టరు ఇద్దరూ విడివిడిగా మనిషిని చూసి, తనకి గానీ ఇతరులకి గానీ ప్రమాదం ఉందనో లేకపోతే తన బాగోగులు తాను చూసుకునే స్థితిలో లేడనో రాయాలి, ఏడు రోజుల్లోపు మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి, అంటే ఇలాంటి అడ్మిషన్లని పరిశీలించే బోర్డుకి, తెలియజేయాలి. ఇవన్నీ చేసినా 30 రోజులే. ఆ తర్వాత కూడా ఉంచాలంటే 90వ సెక్షన్ కింద ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి, బోర్డు ఒప్పుకోవాలి. మీ అమ్మగారు ఫారం మీద సంతకం పెట్టారు కాబట్టి ఆరు నెలలు ఉంచుతాం అంటే కుదరదు, తల్లి సంతకం డాక్టర్ల పరీక్షకి బదులు అవ్వదు. కొట్టడం, గొలుసులతో కట్టేయడం, బలవంతంగా గుండు గీయడం ఇవన్నీ కూడా ఆ చట్టంలో నిషేధం, కలిసినప్పుడు ఒంటి మీద దెబ్బలున్నాయేమో చూడండి.

కాబట్టి ఇవాళే వాళ్ళకి ఒక ఈమెయిల్ గానీ వాట్సాప్ గానీ పెట్టండి, మా తమ్ముణ్ణి డిశ్చార్జ్ చేయండి, ఏ సెక్షన్ కింద ఉంచారో కాగితం ఇవ్వండి, కేసు షీట్ కాపీ ఇవ్వండి అని మూడు ముక్కలు. మెడికల్ రికార్డులు అడిగే హక్కు అదే యాక్ట్ 25వ సెక్షన్లో ఉంది. గొడవపడొద్దు, తిట్టొద్దు, డబ్బు మాట ఎత్తొద్దు. పంపకపోతే ఆ సెంటర్ ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడ ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ ప్రకారం మనిషిని అక్రమంగా పది రోజులు, అంతకంటే ఎక్కువ నిర్బంధిస్తే అయిదేళ్ళ దాకా జైలు. పోలీసులు ఇది మీ ఫ్యామిలీ మ్యాటర్ అని పంపించేస్తే మేజిస్ట్రేటు దగ్గర సెర్చ్ వారెంట్ అడగొచ్చు, అదీ కాకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకి తెప్పించమని అడిగే పిటిషన్. నా అనుభవంలో అంతదాకా వెళ్ళే కేసులు తక్కువ, కానిస్టేబుల్ గేటు దగ్గరికి వచ్చేసరికి బాకీ సంగతి తర్వాత చూద్దాం అంటారు.

లాయర్ ఫీజు ఎలా అనుకుంటున్నారేమో. ఖమ్మం కోర్టు కాంప్లెక్స్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, మీరైనా అమ్మగారైనా అర్హులే. ఫోన్ అయితే 15100. డ్రగ్స్ బాధితుల కోసమే జాతీయ న్యాయ సేవాధికార సంస్థకి 2015 నుంచి ప్రత్యేకంగా ఒక పథకం కూడా ఉంది, ఆ మాట చెప్పి అడగండి.

బయటికొచ్చాక ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెడితే లాభం లేదు, మళ్ళీ మొదలవుతుంది, అప్పుడు మళ్ళీ ఇంకో సెంటర్ ఇంకో లక్ష. ఈ జబ్బు ఒకసారి వైద్యంతో పోయేది కాదు, చాలామందికి తిరగబెడుతుంది, అందుకే ఖర్చు లేని చోటు వెతుక్కోవడం ముఖ్యం. ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్లో డీఅడిక్షన్ వైద్యం ఉంది. అంతదూరం ఎందుకంటే ముందు ఖమ్మం పెద్దాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌కి చూపించండి, అందరికీ అడ్మిషన్ అక్కర్లేదు, చాలామందికి ఓపీలో మందులు, కౌన్సెలింగ్ సరిపోతాయి, అది డాక్టర్ తేలుస్తారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి, అక్కడ వైద్యం ఉచితం, 14446కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో ఏది ఉందో చెప్తారు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 18వ సెక్షన్ ప్రకారం దారిద్ర్యరేఖకి దిగువనున్న వాళ్ళకి, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యశాలల్లో ఒక్క పైసా తీసుకోకుండా చేయాలి. ఇది దయ కాదమ్మా, హక్కు. అక్కడ ఎవరైనా కసురుకుంటే ఆ సెక్షన్ నంబర్ రాసి సూపరింటెండెంట్ గారికి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.

పోలీసు కేసు భయం ఒకటి మీకు, ఇలాంటి ప్రతి ఇంట్లోనూ చూస్తున్నాను, ప్రైవేటు సెంటర్ల వ్యాపారమంతా ఈ భయం మీదే నడుస్తోంది. వైద్యం కోసం వెళ్ళిన పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలని అదే యాక్ట్ 23వ సెక్షన్ చెప్తోంది. ఇంకో రక్షణ కూడా ఉంది. మత్తుమందుల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకు గానీ కొద్ది మొత్తం దొరికినందుకు గానీ కేసు పడ్డ, మత్తుకి బానిసైన మనిషి తనంతట తాను డీఅడిక్షన్ వైద్యానికి ముందుకొచ్చి అది పూర్తి చేస్తే ఆ నేరాలకి ప్రాసిక్యూషన్ ఉండదు. కొద్ది మొత్తం అంటే గంజాయి అయితే కిలో దాకా, ఎండీఎంఏ అనే మత్తుమందు అయితే అర గ్రాము దాకా. మీరు క్రిస్టల్ అన్నారు, అది ఎండీఎంఏనో ఇంకోటో డాక్టర్‌కి నిజం చెప్పమనండి. అయితే ఒక మెలిక ఉంది, వైద్యం ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనో జరగాలి, మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. అంటే మీరు లక్షలు పోసిన చోటు గుర్తింపు లేనిదైతే ఈ సెక్షన్‌కి అది పనికిరాదు, ఉచితంగా చేసే పెద్దాసుపత్రి పనికొస్తుంది. అమ్మినా, సరఫరా చేసినా లెక్క వేరు, అలాంటిదేమైనా ఉంటే ఫోన్లో కాకుండా లాయర్ని నేరుగా కలిసి చెప్పండి.

ఇన్సూరెన్స్ దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్తాను. శారీరక జబ్బులతో సమానంగా మానసిక అనారోగ్యానికి కూడా ఇన్సూరెన్స్ ఇవ్వాలని మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 21(4) సెక్షన్ చెప్తోంది. కానీ 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో మద్యం, డ్రగ్స్ అలవాటు వైద్యాన్ని మినహాయించుకునే వీలు కంపెనీలకి ఇచ్చారు, కంపెనీ మీకిచ్చిన లెటర్లో ఉన్న 12వ నంబర్ మినహాయింపు అదే. చట్టం మానసిక అనారోగ్యం అన్నదాన్ని ఒక మార్గదర్శకం ఎలా తీసేస్తుంది అన్నది నా వాదన, పోరాడదగ్గ వాదనే, గెలుస్తామని మాత్రం మాట ఇవ్వను. పైగా రిజిస్ట్రేషన్ లేని సెంటర్ బిల్లుని ఏ కంపెనీ అయినా తిప్పికొడుతుంది. రేపు రిజిస్టర్డ్ ఆసుపత్రిలో చేరి, డిప్రెషన్ లాంటి వేరే జబ్బు కూడా ఉందని డాక్టర్ రాస్తే ఆ భాగానికి బలం ఎక్కువ. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసి, నెలలో జవాబు రాకపోయినా తిరస్కరించినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్ళొచ్చు, ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు.

కట్టేసిన లక్షా పది వేల కోసం వినియోగదారుల కమిషన్. ఇప్పుడు మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు, అయిదు లక్షల లోపు చెల్లింపు కాబట్టి ఫీజు లేదు, రెండేళ్ళ గడువు. మనిషి బయటికొచ్చి ట్రీట్‌మెంట్ కుదుటపడ్డాక వేయండి, ముందు అది వద్దు.

ఇక ఖాళీ చెక్కులు, వీటిని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. అమ్మగారి చేత బ్యాంకుకి లెటర్ ఇప్పించండి, ఫలానా నంబర్ల చెక్కులు ఖాళీగా సంతకం పెట్టించుకున్నారు, పేమెంట్ ఆపండి అని, దాని మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. పోలీసు ఫిర్యాదులో కూడా ఆ చెక్కు నంబర్లు రాయండి. వాళ్ళు చెక్కు వేసి బౌన్స్ చేయించి నోటీసు పంపితే అది అందిన రోజు నుంచి 15 రోజుల టైము ఉంటుంది, సంతకం అమ్మగారిదే కాబట్టి కోర్టు మొదట బాకీ ఉందనే అనుకుంటుంది, లేదని చూపించాల్సింది మీరే. పోస్ట్‌మన్ తెస్తే వెనక్కి పంపకండి, తీసుకుని కవరుతో సహా అదే రోజు న్యాయ సేవాధికార సంస్థ లాయర్ చేతిలో పెట్టండి.