సోరారిటీ రష్‌లో ఒక్క హౌస్ పేరే రాయొచ్చా?

సోరారిటీ అంటే అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సంఘం, ఒక్కోదాన్ని హౌస్ అంటారు; రౌండ్లవారీగా తిరిగి చూసి అందులో చేరే తంతే రష్. ఏ అమ్మాయి ఏ సోరారిటీకి వెళ్తుందో ఎలా తేలుస్తారు, నచ్చిన ఒక్క పేరే రాయొచ్చా అని అడిగారు. రాయొచ్చు. కానీ రాయొద్దనే అంటాను.

మా అమ్మాయి అమెరికా దక్షిణాదిలో ఒక పెద్ద యూనివర్సిటీలో చేరగానే రష్‌కి వెళ్ళింది. రెండో రౌండ్ పొద్దున ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ముందురోజు అంత ఆప్యాయంగా మాట్లాడిన హౌస్ మళ్ళీ పిలవలేదట. తన మాటతీరు నచ్చలేదేమో అనుకుంది. నన్నడిగితే అది సగానికి సగం లెక్కల వ్యవహారమే. సోరారిటీల సమాఖ్య నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద 26 సోరారిటీలున్నాయి. ఒక్కో హౌస్ ఎంతమందిని మళ్ళీ పిలవాలో పాత సంవత్సరాల అంకెలు చూసి చెబుతారు. గిరాకీ ఉన్న హౌస్‌లు మొదట్లోనే చాలామందిని వదులుకోవాలి.

ఈ ఏడుపు మధ్యలోనే రౌండుకో డ్రెస్సు, దానికి తగ్గ చెప్పులు! 2021లో అలబామా యూనివర్సిటీ రష్ అమ్మాయిల టిక్‌టాక్ వీడియోలు వచ్చాక ఈ పిచ్చి మరీ ముదిరింది.

చివరికి రెండు హౌస్‌లు మిగిలాయి. ఆఖరిదైన ప్రిఫరెన్స్ రౌండ్ ముందురాత్రి "ఒక్కటే రాస్తానమ్మా" అంది. "రెండోదాంట్లో ఉండలేననుకుంటే రాయకు, పంతానికైతే మాత్రం ఖాళీ వదలకు" అన్నాను. మన ఎంసెట్ వెబ్ ఆప్షన్లలాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ అవతలివాళ్ళు కూడా మన పేర్లు వరసపెడతారు. రెండు వరసలూ కలిపి, కోటా (హౌస్‌కి ఇంతమందే అన్న లెక్క) చూసి కంప్యూటర్ జత చేస్తుంది. ఆ ఆఖరి రౌండ్‌లో వెళ్ళిన హౌస్‌లన్నీ రాసినా చోటు దొరకకపోతే, కోటాకి మించి తీసుకునే వీలుంది. ఒక్కటే రాసి అది తప్పితే ఇంటికే. రాసిన హౌస్ పిలిచాక కాదంటే, ఆ క్యాంపస్‌లో ఈ కాన్ఫరెన్స్ సోరారిటీ దేంట్లోనూ మరుసటి ఏడాది రష్ దాకా చేరనివ్వరు. పేర్లు రాసేటప్పుడు ఒప్పుకుంటూ సంతకం పెట్టేది అందుకే.

ఈ ఒక్క పేరు జబ్బు పాతదే. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆల్విన్ రాత్, సుసాన్ మోంగెల్‌తో కలిసి 1991లోనే రాశారు, చాలామంది అమ్మాయిలు ఒక్క పేరే ఇస్తున్నారని.

మా అమ్మాయి రెండూ రాసింది, రెండోది వచ్చింది. చుట్టాలు "హాస్టల్ సీటు వచ్చిందటగా" అంటున్నారు. అమ్మాయి ఇంకా డార్మ్‌లోనే (యూనివర్సిటీ హాస్టల్లోనే) ఉంది, సోరారిటీ ఫీజు మాత్రం మొదలైపోయింది.