పక్షవాతం తర్వాత చేతి శిక్షణకు రోబో యంత్రం తప్పనిసరా?

పక్షవాతంతో మీ నాన్నగారి కుడి చెయ్యి పడిపోయిందనీ, చేతిని పట్టి కదిలించే రోబో యంత్రంపై శిక్షణకు అడుగుతున్న రుసుము మీకు భారమవుతోందనీ, ఇంట్లో తక్కువ ఖర్చుతో ఏం చేయవచ్చో చెప్పమనీ అడిగారు. మెహదీపట్నంలో మా ఇంట్లోనే మా అమ్మకు ఎడమ చేతి శిక్షణ సాగించిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

దెబ్బతిన్న మెదడు భాగం చేసే పనిని మిగిలిన భాగాలు నేర్చుకోవాలంటే ఒకే కదలికను, మనసు పెట్టి, ఎన్నోసార్లు చేయాలి. యంత్రం సులభం చేసేది ఈ పునరావృతాన్నే. బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటుల్స్ అనే వైద్య పరిశోధన ఫలితాలు 2019లో వెలువడినప్పుడు, రోబో శిక్షణ పొందినవారి చేతి పనితనం మామూలు చికిత్స పొందినవారి కంటే మెరుగ్గా లేదని తేలింది. కనుక యంత్రం అందలేదని, నాన్నగారికి లోటు చేస్తున్నామని దయచేసి కుమిలిపోకండి.

మాకు అన్నిటికంటే ఉపయోగపడింది నిలువుటద్దం. నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ గారు 1990లలో తెగిపోయిన అవయవంలో నొప్పి ఉన్నట్టు అనిపించేవారికి వాడిన ఈ పద్ధతిని 1999 నాటికి పక్షవాతానికీ ప్రయత్నించారు. బల్ల మధ్యలో అద్దం నిలబెట్టి, బలహీనమైన చేతిని దాని వెనక ఉంచి, మంచి చేతిని కదిలిస్తూ ప్రతిబింబాన్నే చూడాలి. పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు కనబడుతుంది. వేళ్లు ఏమాత్రం కదలని దశలో కూడా ఇది చేయించవచ్చు. అమ్మ మొదట్లో విసుక్కున్నా, బొటనవేలు కాస్త కదిలిన రోజు నుంచి తనే అద్దం అడిగేది.

మణికట్టును దాదాపు 20 డిగ్రీలు, వేళ్లను 10 డిగ్రీలు స్వయంగా పైకెత్తగలిగిన తర్వాత, మంచి చేతికి తొడుగు వేసి, పనులన్నీ బలహీనమైన చేతితోనే చేయించే పద్ధతి ఉంది. గిన్నెలోంచి గిన్నెలోకి చిక్కుడు గింజలు మార్చడం, తీగకు బట్టల క్లిప్పులు పెట్టడం, గ్లాసు పట్టుకుని పక్కన పెట్టడం వంటివి చాలు. అందరూ రబ్బరు బంతి నొక్కిస్తారు గానీ, చాలామందికి అసలు కష్టం పిడికిలి బిగించడంలో కాదు, విప్పడంలో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కోఠిలోని సర్జికల్ దుకాణాల్లో తలుపుకు తగిలించుకునే కప్పీ తాడు చౌకగా దొరికినా కొనవద్దు. పట్టు లేని భుజాన్ని దానితో పైకి లాగితే నొప్పి మొదలవుతుంది. అమెరికా వైద్యుల 2016 మార్గదర్శకాలు కూడా దాన్ని వద్దనే అన్నాయి.

ఇంటివాళ్లు మాత్రమే చూసుకుంటే సరిపోతుందని కూడా నేను అనను. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ అనే పరిశోధనలో, కుటుంబానికి నేర్పించి ఇంట్లో చేయించినా, మామూలు చికిత్సతో పోలిస్తే ఆరు నెలల తర్వాత మరణాల్లోగానీ, ఇతరులపై ఆధారపడటంలోగానీ తేడా రాలేదని 2017లో తేలింది. అందుకే యంత్రానికి పెట్టే డబ్బుతో ఫిజియోథెరపిస్టును క్రమం తప్పకుండా ఇంటికి పిలిపించి, వ్యాయామాలు సరిచేయించుకుని, ఏది ఎప్పుడు పెంచాలో అడగండి. భుజంలో నొప్పిగానీ, చేతికి వాపుగానీ కనిపిస్తే ఆపి, వెంటనే ఆయనకు చూపించండి.