చిల్లీ అనే మాట చిలీ దేశం నుంచి వచ్చిందా?

కాదు, మిరపకాయకు ఇంగ్లీషులో ఉన్న చిల్లీ అనే పేరు మెక్సికోలోని ఆజ్టెక్‌ల భాష నావాట్ల్ నుంచి వచ్చింది. వాళ్లు మిరపను 'చీల్లి' అనేవారు. 16వ శతాబ్దంలో మెక్సికోను ఆక్రమించిన స్పెయిన్ వాళ్ల నోట అది 'చిలె' అయింది, వాళ్ల ద్వారా ఇంగ్లీషుకు చేరింది. కాయ కూడా అటువైపుదే. మన దేశానికి తెచ్చింది పోర్చుగీసు వాళ్లు. అంతకుముందు ఇక్కడ కారానికి ముఖ్యంగా మిరియాలే దిక్కు (గుంటూరు వాళ్లకు నమ్మబుద్ధి కాదు గానీ).

వాడుక చూడాలంటే గుంటూరే చాలు. యార్డులో టిక్కీల (బస్తాల) లెక్కన అమ్మేది మిర్చి, ఇంట్లో తొడిమలు తీసి పచ్చడి నూరేది మిరపకాయ. అదే సరుకు ఎగుమతి సంచి మీదా, హోటల్ మెనూలో చికెన్ పక్కనా చిల్లీ అయిపోతుంది.

పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది చిలీ దేశంతో ముడిపెడతారు. ఆ దేశం పేరు దక్షిణ అమెరికా స్థానిక భాషల్లోది, మిరపతో సంబంధం లేదు. చలిగా ఉందని చెప్పే చిల్లీ కూడా వేరే మాటే, అది అచ్చమైన పాత ఇంగ్లీషుది. దాని స్పెల్లింగు చివర వై ఉంటుంది, మిరపకైతే ఐ.