గాలిలో తేమ, క్యాప్సూల్‌లో స్టాటిక్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఇన్‌హేలర్ క్యాప్సూళ్లు నింపే సెక్షన్. 3 నంబరు జెలటిన్ క్యాప్సూల్, 25 మి.గ్రా. ఫిల్ (లోపల నింపే పొడి). పొడి తేమ పీల్చకూడదని గదిలో ఆర్‌హెచ్ (గాలిలో సాపేక్ష తేమ శాతం) 30–35 దగ్గర నడుపుతున్నాం. చలికాలం వచ్చిందంటే ఖాళీ క్యాప్సూళ్లు హాపర్ గోడకి అతుక్కుంటాయి, మూతలు సరిగ్గా విడిపోవు, బరువులు అటూ ఇటూ అవుతాయి. ఎర్తింగ్ చెక్ చేయించాం, బాగానే ఉందన్నారు. తేమ పెంచాలా, అయొనైజర్ పెట్టించాలా?
– ప్రొడక్షన్ సూపర్‌వైజర్, జడ్చర్ల

జవాబు: ముందు తేమ సంగతి చూడండి. అయొనైజర్ (గాలిలోకి అయాన్లు వదిలి ఛార్జిని రద్దు చేసే పరికరం) ఆ తర్వాత.

ఎర్తింగ్ బాగుందన్నది నిజమే కావచ్చు, కానీ దాంతో ఈ సమస్య తీరదు. ఎర్తింగ్ తీసేది లోహం మీది ఛార్జినే. లాక్టోజు (మందును మోసే పొడి), జెలటిన్, పాలిథీన్ కరెంటు పారనివ్వని సరుకు. రాపిడికి వాటి మీద పుట్టిన ఛార్జి పుట్టినచోటే కూర్చుంటుంది, స్టాటిక్ అనేది ఇదే. స్టీలుకు తగిలినా తగిలిన చోటుదే పోతుంది. దాన్ని కదిలించేది ఉపరితలం మీద చేరే పల్చటి నీటి పొర. ఆర్‌హెచ్ 40 దాటాక ఆ పొర ఛార్జి జారిపోవడానికి దారి ఇస్తుంది. 30కి దిగితే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. చలికాలంలో నైలాన్ చొక్కా విప్పితే చిటపటలాడేది ఇందుకే.

మీరు చూస్తున్న 30–35 ఎక్కడి రీడింగో కనుక్కోండి. చాలాచోట్ల సెన్సర్ రిటర్న్ ఎయిర్ డక్ట్‌లో ఉంటుంది. మోటార్లు, వ్యాక్యూమ్ పంపు వేడికి మెషీన్ పక్కన గాలి మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉండవచ్చు. 22 డిగ్రీల దగ్గర 40 శాతం ఉన్న గాలే, చుక్క నీరు తగ్గకపోయినా, 26 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 31 శాతం అవుతుంది. అంటే రికార్డులో 33 రాసుకుంటున్న రోజున హాపర్ దగ్గర 26 ఉండవచ్చు. క్యాలిబ్రేట్ చేసిన చిన్న డేటా లాగర్‌ను హాపర్ పక్కన ఒకటి, డోసింగ్ స్టేషన్ పక్కన ఒకటి పెట్టి ఒక పూర్తి షిఫ్టు నడపండి. మీ ప్రశ్నలో సగానికి జవాబు అక్కడే దొరకవచ్చు.

రెండోది, గది తేమ వేరు, క్యాప్సూల్ తేమ వేరు. జెలటిన్ గుల్లలో 13 నుంచి 16 శాతం నీరుండాలి. 10 శాతం కిందికి పోతే పెళుసెక్కి, మూత వేసేటప్పుడు పగులుతుంది. పొడి గాలిలో హాపర్ నిండా పోసి భోజనానికి వెళ్లి వస్తే పైవరస గుల్లలు అప్పుడే ఆరడం మొదలుపెట్టి ఉంటాయి. మూసిన కార్టన్‌లో, లైనర్ కట్టి ఉన్నంతసేపు సురక్షితం. కాబట్టి అరగంటకు సరిపడా మాత్రమే హాపర్‌లో వేసి, లైనర్ నోరు వెంటనే కట్టేయండి. మామూలు పాలిథీన్ లైనర్ నుంచి గుల్లలు జారుతున్నప్పుడే ఛార్జి పుడుతుంది. యాంటీస్టాటిక్ లైనర్ ఇమ్మని సప్లయర్‌ని అడగండి.

బరువుల తేడా అన్నారు. అదంతా స్టాటిక్ మీదికి నెట్టేముందు చిన్న లెక్క చూడండి. 3 నంబరు ఖాళీ గుల్ల సుమారు 48 మి.గ్రా. తూగుతుంది. అందులో తేమ ఒక్క శాతం తగ్గితే బరువు దాదాపు అర మిల్లీగ్రాము పడిపోతుంది. మీ ఫిల్ 25 మి.గ్రా. కదా, మొత్తం బరువు చూసి ఫిల్‌ను లెక్కకట్టే పద్ధతిలో అది 2 శాతం తక్కువ ఫిల్‌లా కనిపిస్తుంది. ఆపరేటర్ డోస్ పెంచుతాడు, అసలు తప్పు అప్పుడు మొదలవుతుంది. దీనికి తోడు గుల్లకీ గుల్లకీ ఉండే సహజమైన తేడా ఎలాగూ ఉంది. తక్కువ ఫిల్ ఉన్న సరుకులో అదే గుల్లను ఖాళీగా ఒకసారి, నింపాక ఒకసారి తూయడమే నమ్మదగిన పద్ధతి. ఇంకొకటి, ఛార్జి ఉన్న క్యాప్సూల్‌ను అనలిటికల్ బ్యాలెన్సు మీద పెడితే అద్దం తలుపు దాన్ని లాగుతుంది, అంకె నిలవదు. బ్యాలెన్సు పక్కన చిన్న అయొనైజర్ పెట్టి చూస్తే ఆ తేడా కళ్లముందే తెలుస్తుంది.

ఇక ఏ అంకె దగ్గర నడపాలి? లాక్టోజు క్యారియర్ ఉన్న మామూలు ఫార్ములేషన్‌కి 20–22 డిగ్రీల్లో, మెషీన్ దగ్గర కొలిచిన ఆర్‌హెచ్ 40 నుంచి 50 మధ్య ఉండటం మంచిది. మందు తేమకు చెడిపోయే రకమైతే అంత పైకి వెళ్లే వీలుండదు, అప్పుడు అయొనైజర్ తప్పదు. మీ బ్యాచ్ రికార్డులో ఉన్న పరిధిని మాత్రం సొంతంగా దాటకండి. స్టెబిలిటీ డేటా చూపించి క్యూఏ (నాణ్యతా విభాగం) ద్వారా చేంజ్ కంట్రోల్ (మార్పుకు రాతపూర్వక అనుమతి) వేయించండి.

తేమ మేలు చేసింది కదా అని 60 దాటించడం అసలు వద్దు. అక్కడ స్టాటిక్ ఉండదు గానీ కణాల మధ్య సందుల్లో నీరు చేరి అతికిస్తుంది, మందు లాక్టోజును వదలదు. మైక్రోనైజ్ చేసిన (అతి సన్నగా నూరిన) పొడిలో స్ఫటికం చెదిరిన భాగం కొంత ఉంటుంది. అది తేమ పీల్చి మళ్లీ స్ఫటికంగా మారుతూ పక్క కణంతో గట్టిగా అతుక్కుంటుంది. ఆ బంధం మళ్లీ ఎండబెట్టినా విడిపోదు. స్టాటిక్ ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయేది, ఇది బ్యాచ్‌తోనే పోయేది. రెంటిలో నేను దీనికే ఎక్కువ భయపడతాను.

అయొనైజర్ పెట్టేచోటు ఖాళీ గుల్లలు దిగే చ్యూట్ దగ్గర, పొడి గుట్ట మీద కాదు. గాలి ఊదే రకమైతే పొడి లేచిపోతుంది, పైగా అయాన్లు పొడి లోపలికి దిగవు. అయాన్లు పుట్టించే దాని సూదుల మీద పొడి పేరుకుంటే అది పనిచేయడం మానేస్తుంది, కానీ లైటు వెలుగుతూనే ఉంటుంది. అందుకే ప్రతి క్లీనింగ్‌లో సూదులు తుడిచి, ఛార్జి చూపే ఫీల్డ్ మీటర్‌తో చూసి రాయండి. బ్లెండ్ (మందు, లాక్టోజు కలిపిన పొడి) సంగతీ మరవద్దు. బ్లెండర్ నుంచి తీయగానే అందులో ఛార్జి ఎక్కువ. 40–50 ఆర్‌హెచ్‌లో ఒకటి రెండు రోజులు ఆగనిచ్చాక నింపితే బాగా నడుస్తుంది. ఎన్ని గంటలన్నది మీ వ్యాలిడేషన్ తేల్చాలి.

ప్రశ్న: ఎం.ఫార్మసీ ప్రాజెక్టుగా వేర్వేరు తేమల దగ్గర క్యాప్సూళ్ల ఛార్జి కొలవాలనుకుంటున్నాను. మా ల్యాబ్‌లో ఖరీదైన క్లైమేట్ ఛాంబర్ లేదు. ఎలా చేయాలి?
– విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: తేమకు డెసికేటర్లు (మూత బిగించే గాజు పాత్రలు), ఉప్పు ద్రావణాలు చాలు. 25 డిగ్రీల దగ్గర సంతృప్త లిథియం క్లోరైడ్ 11 శాతం, మెగ్నీషియం క్లోరైడ్ 33, పొటాషియం కార్బొనేట్ 43, మెగ్నీషియం నైట్రేట్ 53, సోడియం క్లోరైడ్ 75 శాతం ఆర్‌హెచ్ ఇస్తాయి. అడుగున కరగని ఉప్పు కనిపిస్తూ ఉండాలి, లేకపోతే అంకె తప్పుతుంది. క్యాప్సూళ్లను ఒకే వరసలో పరిచి, రోజూ తూచి, బరువు నిలకడకు వచ్చాకే వాడండి.

కొలవడానికి ఫారడే పెయిల్: ఒకదానిలో ఒకటి రెండు లోహపు గిన్నెలు, మధ్యలో టెఫ్లాన్, బయటిది ఎర్త్‌కి, లోపలిది ఎలక్ట్రోమీటర్‌కి (అతి చిన్న ఛార్జిని కొలిచే మీటర్). క్యాప్సూల్‌ను ఒకే పొడవు, ఒకే వాలు ఉన్న గొట్టం గుండా దొర్లించి లోపలికి పడేయాలి. గొట్టం స్టీలుదైతే ఒక జవాబు, పీవీసీదైతే ఇంకో జవాబు వస్తుంది కాబట్టి రెండూ చేయండి. దొర్లించే ముందు ప్రతి క్యాప్సూల్‌నూ అయొనైజర్ ముందు పెట్టి సున్నాకి తెచ్చుకోవాలి. పట్టుకోవడానికి ఎర్త్ చేసిన స్టీలు చిమటా వాడండి. నైట్రైల్ గ్లవ్ తాకితే మీరు కొలిచేది గ్లవ్ ఇచ్చిన ఛార్జి. ఫలితాన్ని గ్రాముకు నానోకూలంబ్‌లలో రాయండి.

మీ ఊరిలో అసలు చిక్కు సముద్రపు గాలి. 33 శాతంలో వారం ఉంచిన గుల్లను 75 శాతం ఉన్న గదిలోకి తీస్తే దాని ఉపరితలం క్షణాల్లో తడుస్తుంది. దొర్లించడం, కొలవడం రెండూ గ్లవ్ బాక్సులో అదే తేమలో జరగాలి.

నింపిన క్యాప్సూళ్లలోంచి వచ్చే పొడికి ఈ పెయిల్ చెప్పేది మొత్తం ఛార్జి మాత్రమే. మందు ఒక గుర్తు (ప్లస్ లేదా మైనస్), లాక్టోజు ఎదురు గుర్తు పట్టుకుంటే కూడిక సున్నాకి దగ్గరగా వస్తుంది, స్టాటిక్ లేదని పొరబడతారు. అందుకే పక్కన ఎన్‌జీఐ (పొడిని కణాల సైజును బట్టి దశల్లో వేరుచేసే పరికరం) ఫలితం పెట్టుకోండి: 4 కిలోపాస్కల్ పీడన తేడా ఇచ్చే ప్రవాహం, మొత్తం 4 లీటర్ల గాలి, అంటే నిమిషానికి 60 లీటర్లయితే 4 సెకన్లు. దాని కప్పులకు పూత వేయడం మరిస్తే కణాలు ఎగిరి కింది దశలకు పోతాయి.

ప్రశ్న: జెలటిన్ మానేసి హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే) క్యాప్సూల్‌కి మారితే స్టాటిక్ పోతుందా?
– ఫార్ములేషన్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పోతుందని హామీ ఇవ్వలేం. పొడి గాలిలో అది కూడా ఛార్జి పట్టుకుంటుంది. మారడానికి బలమైన కారణం వేరే ఉంది. 14 శాతం తేమతో 48 మి.గ్రా. జెలటిన్ గుల్ల తనలో 6.7 మి.గ్రా. నీరు మోస్తుంది. లోపలి 25 మి.గ్రా. పొడిలో మందు 0.2 మి.గ్రా. ఉంటే, దాని చుట్టూ ముప్ఫై రెట్లకు పైగా నీరున్నట్టు. హెచ్‌పీఎంసీలో తేమ 3 నుంచి 8 శాతమే, ఆరినా పెళుసెక్కదు, ఇన్‌హేలర్ సూది గుచ్చితే ముక్కలు రాలడం తక్కువ. మారేటప్పుడు ఇన్‌హేలేషన్ గ్రేడే అడగండి. అచ్చు నుంచి ఊడడానికి లోపల రాసే నూనె పూత ఎక్కువైతే పొడి గోడకే ఉండిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు రోటాహేలర్ (క్యాప్సూల్‌లోని పొడిని పీల్చే సాధనం) వాడతారు. వానాకాలంలో పీల్చాక కూడా క్యాప్సూల్‌లో పొడి మిగులుతోంది. ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరన్నారు.
– గృహిణి, అమలాపురం

జవాబు: ఫ్రిజ్ వద్దు. చల్లటి సీసా బయటికి తీసి మూత తెరవగానే లోపల చెమ్మ పడుతుంది. క్యాప్సూళ్లు వచ్చిన సీసాలోనే, లోపలి సిలికా జెల్ పొట్లం తీయకుండా, మూత బిగించి, స్నానాల గదికీ పొయ్యికీ దూరంగా పెట్టండి. వారానికి సరిపడా తీసి మాత్రల డబ్బాలో వేసే అలవాటుంటే మానాలి. పీల్చబోయే ముందే ఒకటి తీయాలి.

పీల్చే ముందు ఊపిరి బయటికి వదలమంటారు కదా, అది ఇన్‌హేలర్‌లోకి కాదు, పక్కకు తిరిగి వదలాలి. లోపలికి ఊదిన ఒక్క ఊపిరితో చెమ్మ చేరి పొడి ముద్దకడుతుంది. కడిగాక పూర్తిగా ఆరకుండా వాడటం కూడా అంతే. ఆరబెట్టాల్సింది గాలికి; పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే ప్లాస్టిక్‌కి స్టాటిక్ ఎక్కుతుంది. కొద్దిగా పొడి మిగిలితే అదే క్యాప్సూల్‌ను ఇంకోసారి గట్టిగా, లోతుగా పీల్చవచ్చు. అంతకు మించి మిగులుతుంటే ఆయన పీల్చే బలం తగ్గిందేమో డాక్టరుగారికి చూపించండి. సొంతంగా రెండో క్యాప్సూల్ వేయకండి.